యాంటీహిస్టమిన్ ముక్కు స్ప్రే పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి?

సగంముక్కు
ఆరేళ్ళుగా ముక్కు బాధ. పొద్దున లేవగానే 10, 15 తుమ్ములు. తర్వాత గంటసేపు నీళ్ళు కారడం. మధ్యాహ్నానికి కాస్త నయం. రాత్రి పడుకోగానే ఏ వైపు తిరిగితే ఆ వైపు బిగుసుకుపోవడం. సెటిరిజిన్ అనే అలర్జీ మాత్రలు చాలాకాలం మింగాను. తుమ్ములు తగ్గేవి కానీ దిబ్బడ కదిలేది కాదు, పైగా సాయంత్రానికల్లా కళ్ళు మూతలు పడేవి. ఇప్పుడు డాక్టరు ఎజెలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ స్ప్రే రాశారు. ఒక్కో వైపు ఒక్కో పంపు, రోజుకు రెండుసార్లు. 12 రోజులైంది.

ఇది పనిచేస్తోందో లేదో నాకే తెలియడం లేదు, అదీ గోల. ఒకరోజు అద్భుతం, మర్నాడు ఉత్త నీళ్ళు కొట్టుకున్నట్టే. చేదు మాత్రం రోజూ గ్యారంటీ. కొట్టిన ఐదు నిమిషాలకు గొంతులోకి దిగుతుంది, గంటసేపు నాలుకను వదలదు. వాడినవాళ్ళు చెప్పండి, ఎన్నాళ్ళు చూడాలి? మీకు పనిచేస్తోందని మీరెలా తేల్చుకున్నారు?

తుమ్ములరాయుడు
నాలుగేళ్ళుగా నాకు ఇదే ఆధారం. కొట్టిన 15, 20 నిమిషాల్లో తుమ్ములు బంద్. తుమ్మితే ఊడిపోయే ముక్కు ఎన్నాళ్ళుంటుంది అంటారు కదా, నాది ఊడే దశలో ఈ స్ప్రే దొరికింది. పనిచేసేదైతే మొదటి రోజే తెలుస్తుంది. 12 రోజులకీ తెలియలేదంటే మీకు పడలేదనే.

గాలిమార్పు
రాయుడు గారితో ఒప్పుకోను. నాకు మొదటి వారం ఏ తేడా లేదు, ఆపేద్దామనుకున్నాను కూడా. నాది అలర్జీ కాదు. చర్మం మీద గుచ్చి చేసే టెస్టులన్నీ నెగెటివ్. ఏసీ గదిలోంచి బయటికొచ్చినా, ఎవరైనా సెంటు కొట్టుకుని పక్కన కూర్చున్నా, కారంగా ఏదైనా తిన్నా నా ముక్కు కుళాయే. వాసోమోటర్ రైనైటిస్ అన్నారు. రెండు వారాలు దాటాక ఒకరోజు చూసుకుంటే జేబులో రుమాలు మడత విప్పకుండా అలాగే ఉంది. అప్పుడు తెలిసింది నాకు.

చేదుగొంతు
చేదు గురించి నన్నడగండి, పేరే అది పెట్టుకున్నాను. నేను మూడో రోజుకే సీసా పక్కన పడేశాను.

పుప్పొడిశత్రువు
అలర్జీ లేనప్పుడు యాంటీహిస్టమిన్ ఎందుకు పనిచేస్తుంది? అలర్జీలో తుమ్ములూ నీళ్ళూ తెప్పించేది హిస్టమిన్, ఆ గొడవే లేని ముక్కుకు హిస్టమిన్‌ని అడ్డుకునే మందా? @గాలిమార్పు, మీకు తగ్గింది వాతావరణం మారి అయ్యుండొచ్చు.

మందులచీటీ
మందుల షాపులో 18 ఏళ్ళుగా నిలబడ్డవాణ్ణి, రెండు ముక్కలు చెబుతాను.

@పుప్పొడిశత్రువు, మీ లాజిక్ మాత్రల విషయంలో చాలావరకు కరెక్టే. అలర్జీ లేని ముక్కుకు యాంటీహిస్టమిన్ మాత్రలు పెద్దగా పనిచేయవు. స్ప్రే కథ వేరు. ఎజెలాస్టిన్ స్ప్రేకి అమెరికాలో మొదట 1996లో అలర్జీ ముక్కుకు అనుమతి ఇచ్చారు. 2000లో వాసోమోటర్ రకానికి కూడా ఇచ్చారు. హిస్టమిన్‌ని ఆపడమే దాని పని కాదు, వాపు తెప్పించే మరికొన్ని పదార్థాల విడుదలనీ తగ్గిస్తుంది, ముక్కులో నరాల చిరాకునీ కొంత అణుస్తుంది. కాబట్టి గాలిమార్పు గారి అనుభవాన్ని కొట్టిపారేయకండి.

@సగంముక్కు, చేదుకి సగం కారణం కొట్టే పద్ధతి. తల వెనక్కి వాల్చి కొడుతున్నారా?

సగంముక్కు
అవును. వెనక్కి వాల్చి, కొట్టి, గట్టిగా ఎగబీలుస్తాను. అలా కాదా?

మందులచీటీ
అదే తప్పు. అలా చేస్తే మందు ముక్కులో ఆగకుండా నేరుగా గొంతులోకి పోతుంది. చేదు మీకు, మందు కడుపుకి. ముక్కుకేం మిగిలింది?

ముందు మెల్లగా చీదండి. తల కొంచెం ముందుకు వంచండి, నేల మీద పడ్డ పెన్ను కోసం చూస్తున్నట్టు. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టండి. అప్పుడు మొన దానంతట అదే బయటి వైపుకి, కంటి మూలకి చూస్తుంది. మధ్య గోడ మీద కొట్టకండి, అక్కడ పదే పదే పడితే పుండై రక్తం వస్తుంది. నొక్కుతూ మెల్లగా గాలి పీల్చండి, పువ్వు వాసన చూసినంత, అంతే. తర్వాత ఓ నిమిషం తల అలాగే ఉంచండి. గొంతులోకి దిగినట్టనిపిస్తే మింగకుండా ఉమ్మేయండి.

ఇంకోటి. కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లో నాలుగు పంపులు కొట్టాలి. మూడు రోజులు, అంతకన్నా ఎక్కువ వాడకుండా వదిలేస్తే మళ్ళీ రెండు. ఇది చేయనివాళ్ళకి మొదటి రెండు మూడు డోసులు ఉత్త గాలే. మొన పూడుకుంటే గోరువెచ్చటి నీళ్ళతో కడగండి, పిన్నుతో పొడవకండి.

తుమ్ములరాయుడు
జీవితమంతా ముక్కుసూటిగా పొమ్మన్నారు, స్ప్రే ఒక్కటే ముక్కుసూటిగా పోకూడదన్నమాట.

చేదుగొంతు
ఈ ముక్క మూడేళ్ళ కింద ఒక్కరు చెప్పి ఉంటే! నేనైతే తల వెనక్కి వాల్చడమే కాదు, మంచం మీద పడుకుని మరీ కొట్టేదాన్ని.

లెక్కలపిచ్చి
అసలు ప్రశ్న పక్కకి పోతోంది. పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నారు. "అనిపిస్తోంది"తో ఎప్పటికీ తేలదు. నిన్న బాగుంటే మందు గొప్ప, ఇవాళ బాగోకపోతే మందు దండగ అనుకోవడం మన అలవాటు. రాసుకోండి.

మందుల పరీక్షల్లో వాడే లెక్క చాలా సులువు. నాలుగు బాధలు: కారడం, దిబ్బడ, తుమ్ములు, దురద. ఒక్కోదానికి 0 నుంచి 3. లేకపోతే 0, ఉన్నా పట్టించుకోనక్కర్లేనంత అయితే 1, ఇబ్బందిగా ఉన్నా ఓర్చుకోగలిగితే 2, పని గానీ నిద్ర గానీ చెడితే 3. మొత్తం 12కి. పొద్దున స్ప్రే కొట్టకముందు ఒకసారి, రాత్రి కొట్టకముందు ఒకసారి, గడిచిన 12 గంటలు ఎలా ఉన్నాయో వేయండి. కొట్టిన తర్వాత వేస్తే ప్రతిసారీ బాగానే కనిపిస్తుంది. డోసు చివర్లో కూడా నిలబడుతోందా అన్నదే చూడాలి.

రెండు వారాలు స్ప్రేతో, ఒక వారం లేకుండా, మళ్ళీ రెండు వారాలు స్ప్రేతో. మధ్యలో ఇంకేమీ మార్చకండి. ఆపిన వారంలో స్కోరు లేచి, మళ్ళీ మొదలెట్టాక పడితే అప్పుడు నమ్మండి.

తుమ్ములరాయుడు
ముక్కు చీదడానికి కూడా ఎక్సెల్ షీటా?

లెక్కలపిచ్చి
నవ్వండి. స్ప్రే పరీక్షల్లో మందు లేని డమ్మీ స్ప్రే కొట్టుకున్నవాళ్ళకి కూడా ఎంతో కొంత తగ్గుతుంది. ఎందుకంటే ఆ నీళ్ళు కూడా ముక్కుని తడిపి, లోపల ఉన్న చెత్తని కడుగుతాయి, పైగా బాధలు వాటంతటవే పెరిగి తగ్గుతూ ఉంటాయి. మీ నాలుగేళ్ళ "ఆధారం"లో సగం ఉప్పునీళ్ళ పుణ్యం కాదని ఏంటి గ్యారంటీ?

తుమ్ములరాయుడు
నా గ్యారంటీ ఏంటంటే, ఒకసారి ప్రయాణంలో సీసా మర్చిపోయి నాలుగు రోజులు ఉప్పునీళ్ళ స్ప్రేతోనే గడిపాను. మూడో రోజుకి బస్సులో పక్క సీటతను లేచి వెనక్కి వెళ్ళిపోయాడు. నా ఎక్సెల్ షీట్ అతనే.

లెక్కలపిచ్చి
అది నిజంగానే పరీక్ష. అనుకోకుండా చేశారంతే. ఒప్పుకుంటున్నాను.

నిద్రమబ్బు
నిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. స్ప్రే కదా, ఒంట్లోకి ఏం పోతుందిలే అనుకున్నాను. మొదటి రోజు పొద్దున కొట్టుకుని మీటింగులో కూర్చున్నాను. బాసు నా పేరు రెండుసార్లు పిలిచాడట.

మందులచీటీ
కొంతమందికి వస్తుంది. పాత 0.1 శాతం స్ప్రేతో, ఒక్కో వైపు రెండేసి పంపులు రోజుకు రెండుసార్లు కొట్టించిన పరీక్షల్లో 100కి 11 మంది చిల్లర నిద్రమత్తు అన్నారు. డమ్మీ కొట్టుకున్నవాళ్ళలోనూ 5గురు అన్నారు, కాబట్టి అంతా మందు తప్పు కాదు. చేదు మాత్రం పూర్తిగా మందుదే: దాదాపు 20 మందికి వచ్చింది, డమ్మీ వాళ్ళలో ఒకరు కూడా పూర్తిగా లేరు. మీకు ఎలా ఉంటుందో తెలిసేదాకా కొట్టుకుని బండి నడపకండి. మద్యం, నిద్రమాత్రలు తోడైతే మత్తు ఇంకా పెరుగుతుంది.

పుప్పొడిశత్రువు
0.1 శాతం అంటే ఇంకోటి కూడా ఉందా?

మందులచీటీ
0.15 శాతం ఉంది. అమెరికాలో 2021లో దాన్ని డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కోవచ్చన్నారు. ఓలోపటడిన్ అని ఇంకో యాంటీహిస్టమిన్ స్ప్రే కూడా ఉంది, దానికీ చేదు తప్పదు.

సగంముక్కు
ఇన్ని పోస్టులొస్తాయనుకోలేదు. తల వంచి కొట్టడం మొదలెట్టాను, చేదు ముప్పాతిక తగ్గింది. మందులచీటీ గారికి దండం.

లెక్కలపిచ్చి గారి షీట్ కూడా వేశాను. ఏడు రోజుల సగటు: కారడం 1, తుమ్ములు 1, దురద దాదాపు 0. పొద్దున లేచాక తుమ్ములు 4కి మించట్లేదు. దిబ్బడ పగలు 2. రాత్రి దిబ్బడ గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. రాత్రి ఎలాగూ చుక్కలు వేసుకుంటాను కదా, అవి వేస్తే రెండు నిమిషాల్లో రెండు వైపులా తెరుచుకుంటుంది, ఇంక స్కోరేం వేస్తాను.

గాలిమార్పు
ఏ చుక్కలు?

మందులచీటీ
ఏ చుక్కలు? ఎన్నాళ్ళుగా?

లెక్కలపిచ్చి
"మధ్యలో ఇంకేమీ మార్చకండి" అని రాశాను గానీ "ఇప్పటికే ఇంకేం వాడుతున్నారు" అని అడగలేదు. నా తప్పే.

సగంముక్కు
జైలోమెటజోలిన్. మామూలు జలుబు చుక్కలే. రెండేళ్ళ కింద బాగా పడిశం పట్టినప్పుడు మొదలెట్టాను. రాత్రికి ఒకసారే. మందని కూడా అనుకోలేదు, అందుకే డాక్టరుకి చెప్పలేదు. ఏం, ప్రమాదమా?

మందులచీటీ
డబ్బా మీద 3 నుంచి 5 రోజులకు మించి వాడొద్దని ఉంటుంది. మీరు రెండేళ్ళు వాడారు.

అది ముక్కు లోపలి రక్తనాళాల్ని బిగిస్తుంది, అందుకే రెండు నిమిషాల్లో దారి తెరుచుకుంటుంది. దాని ప్రభావం పోయాక అవే నాళాలు ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి. అప్పుడు మళ్ళీ చుక్కలు కావాలి. కొన్నాళ్ళకి దిబ్బడ జలుబు వల్లా కాదు, అలర్జీ వల్లా కాదు, చుక్కల వల్లే. దీనికి రైనైటిస్ మెడికమెంటోసా అని పేరే ఉంది. మీ పగటి దిబ్బడ 2లో ఎంత ఎజెలాస్టిన్ చేతగానితనం, ఎంత చుక్కల పాపం అనేది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

చేదుగొంతు
పడిశం పది రోగాల పెట్టు అంటారు. ఇక్కడ పడిశం మందే పదకొండోది.

ఒకప్పుడుచుక్కలు
నాలుగేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. దీనికోసం ఖాతా తెరిచాను.

నేను ఈ చుక్కలు ఏడేళ్ళు వాడాను. దిండు కింద ఒకటి, బ్యాగులో ఒకటి, ఆఫీసు సొరుగులో ఒకటి. సీసా అడుగంటుతుంటే టెన్షన్ పట్టుకునేది, అర్ధరాత్రి లేచి ఊపి చూసుకునేవాణ్ణి, చప్పుడు వస్తే పడుకునేవాణ్ణి. ఒకేసారి మానేయడం రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. చివరికి ఈఎన్‌టీ డాక్టరు చెప్పినట్టు ఒక ముక్కుకి మానేశాను. కుడివైపు పూర్తిగా ఆపి, ఎడమవైపు మాత్రమే వేసుకునేవాణ్ణి. ఒక దారైనా తెరిచి ఉంటుంది కాబట్టి ఊపిరాడుతుందన్న ధైర్యం. మొమెటాసోన్ స్టెరాయిడ్ స్ప్రే రెండు వైపులా రోజూ. కుడివైపు మొదటి నాలుగు రాత్రులు నరకం, తొమ్మిదో రోజుకి దానంతట అదే తెరుచుకుంది. ఆ రాత్రి లేచి కూర్చుని కుడి ముక్కుతో పది నిమిషాలు ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఎడమ. మొత్తం నెల పట్టింది.

మీది రాత్రికి ఒకసారే కాబట్టి ఇంత కష్టం ఉండకపోవచ్చు. డాక్టరుకి మాత్రం చెప్పండి.

సగంముక్కు
చదివి కాసేపు మాట రాలేదు. నా సీసా కూడా దిండు కిందే ఉంది.

పుప్పొడిశత్రువు
ఈఎన్‌టీకి వెళ్తే ముక్కులోకి గొట్టం పెట్టి చూడమనండి. కండ పెరిగిందా, మధ్య గోడ వంకరగా ఉందా తెలుస్తుంది. నాకు గోడ వంకరే. ఏ స్ప్రే గోడని తిన్నగా చేయలేదు. ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోయినా, ఒకే వైపు నుంచి రక్తం వచ్చినా, వాసన తెలియకుండా పోయినా మనలో మనం మాట్లాడుకుంటూ కూర్చోకూడదు.

మందులచీటీ
ఈయన ఏ వైపు పడుకుంటే ఆ వైపు అన్నారు, అది ఒకే వైపు లెక్కలోకి రాదు. కింద ఉన్న ముక్కులోకి రక్తం చేరి ఉబ్బడం అందరికీ ఉంటుంది. నిటారుగా కూర్చున్నా కూడా కొన్ని గంటలకోసారి గాలి ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారుతూ ఉంటుంది. అలా చూస్తే అందరూ సగంముక్కులే. కానీ చూపించుకోమన్న మాట మంచిదే.

అలర్జీ టెస్టు చేయిస్తే మాత్రం ముందే అడగండి. యాంటీహిస్టమిన్ ఒంట్లో ఉంటే చర్మం మీద దద్దురు లేవదు, టెస్టు తప్పుగా నెగెటివ్ వస్తుంది. మాత్రలైతే సాధారణంగా కొన్ని రోజుల ముందే ఆపిస్తారు, స్ప్రే ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెబుతారు.

గాలిమార్పు
అయ్యో. నా టెస్టులన్నీ నెగెటివ్ అన్నాను కదా. ఆ రోజు పొద్దున నేను మాత్ర వేసుకునే వెళ్ళాను.

పుప్పొడిశత్రువు
😶

లెక్కలపిచ్చి
ఈ థ్రెడ్‌లో ఎవరి డేటా నిలబడేలా లేదు.

సగంముక్కు
ఏడు వారాల తర్వాత వస్తున్నాను, మరచిపోలేదు.

ఈఎన్‌టీకి చుక్కల సంగతి చెప్పాను. గొట్టంతో చూశారు. కండ లేదు, గోడ కొంచెం వంకర, పట్టించుకోనక్కర్లేదన్నారు. టెస్టులో ధూళి పురుగులు పాజిటివ్. ఎజెలాస్టిన్‌తో పాటు ఫ్లుటికాసోన్ స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చారు. దాని పూర్తి ఫలితం తెలియడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుందన్నారు. ఒకప్పుడుచుక్కలు గారు చెప్పినట్టే ముందు ఎడమ, తర్వాత కుడి. మొత్తం 16 రోజులు పట్టింది. ఆరో రాత్రి మూడింటికి చుక్కల సీసా చేతిలోకి తీసుకుని మూత కూడా విప్పాను. మళ్ళీ పెట్టేశాను. మర్నాడు పొద్దున సింక్‌లో పోసేశాను.

చుక్కలు పోయాక లెక్కలు: రెండు స్ప్రేలతో రెండు వారాల సగటు 12కి 3. తర్వాత ఎజెలాస్టిన్ ఒక్కటే ఆపాను, స్టెరాయిడ్ ఉంచాను, డాక్టరుని అడిగే. వారం రోజుల ప్లాన్. మొదటి రోజు 4, రెండు 5, మూడు 7. అంతా తుమ్ములూ కారడమే, దిబ్బడ గడి కదల్లేదు. నాలుగో రోజు ఇంట్లోవాళ్ళు సీసా తెచ్చి చేతిలో పెట్టి, మాకు నిద్ర కావాలి కొట్టుకో అన్నారు. కొట్టుకున్నాను. మర్నాటికి 4.

నాకు తేలింది ఇదీ: తుమ్ములకీ నీళ్ళకీ ఎజెలాస్టిన్, దిబ్బడకి స్టెరాయిడ్. ఒకటి ఇంకోదాని పని చేయట్లేదు.

మందులచీటీ
దిబ్బడకి ఎజెలాస్టిన్ కూడా కొంత పనిచేస్తుంది, కానీ స్టెరాయిడ్ స్ప్రేది పైచేయి. రెండూ కలిపి ఒకే సీసాలో కూడా వస్తాయి, ఎజెలాస్టిన్ ఫ్లుటికాసోన్. రెండు సీసాలు విసుగనిపిస్తే డాక్టరుని అడగండి. ధూళి పురుగులంటే దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి. ముక్కు కడుక్కునే అలవాటుంటే కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి, కుళాయి నీళ్ళు తిన్నగా ఎక్కించకండి. కడిగాక స్ప్రే, ముందు కాదు. ముందు కొడితే మందు కడిగి పారబోసినట్టే.

ఒకప్పుడుచుక్కలు
సింక్‌లో పోశారన్న వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

గాలిమార్పు
నేను మాత్రలు ఆపి మళ్ళీ టెస్టుకి వెళ్ళాను. మళ్ళీ నెగెటివే. కాబట్టి నా ముక్కు నిజంగానే గాలిమార్పు ముక్కే, స్ప్రే నిజంగానే పనిచేస్తోంది. @పుప్పొడిశత్రువు గారు గమనించగలరు.

పుప్పొడిశత్రువు
గమనించాను. వెనక్కి తీసుకుంటున్నాను.

చేదుగొంతు
కొత్త సీసా తెచ్చి తల వంచి కొట్టాను. ఇంకా చేదే. తక్కువ చేదు, కానీ చేదే.

లెక్కలపిచ్చి
@సగంముక్కు, ఏడు రోజులు ఆపాల్సింది మూడున్నర రోజులకే ఆగిపోయింది. ఇంట్లోవాళ్ళు అడ్డుపడటం వల్ల పరీక్ష చెడింది. ఇంకో రౌండ్ చేస్తే బాగుంటుంది.

తుమ్ములరాయుడు
చెడటమేంటి, షీట్‌లో ఐదో గడి వేసుకోమనండి. "ఇంట్లోవాళ్ళు", 0 నుంచి 3. 3 అంటే సీసా తెచ్చి చేతిలో పెట్టడం.

సగంముక్కు
వేశాను. నిన్న 0. ఇంకో రౌండ్ అని అనగానే 2 అయింది.